ఖతార్ మీద క్షిపణులు, పాలకొల్లులో రాకడ ప్రసంగం

2025 జూన్ 23 రాత్రి ఖతార్‌లో అమెరికా సైన్యం ఉండే అల్ ఉదైద్ స్థావరం మీద ఇరాన్ క్షిపణులు వేసింది. అంతకు ముందురోజే ఇరాన్ అణు కేంద్రాల మీద అమెరికా బాంబులు వేసింది. ఖతార్ గగనతలం మూసేశారు, దోహా విమానాలు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. గోదావరి డెల్టాలో గల్ఫ్‌కి ఒక్క మనిషినైనా పంపని ఊరు అరుదు. కోనసీమ నుంచి, నర్సాపురం, పాలకొల్లు వైపు నుంచి ఇంటిపనికని కువైట్, ఖతార్, ఒమన్ వెళ్లిన ఆడవాళ్లు ఎంతోమంది. వాళ్ల ఇళ్లలో ఆ వార్త అంటే ఒకటే టెన్షన్, ఫోన్ కలుస్తుందా లేదా అని. సరిగ్గా అదే వారంలో తెలుగు క్రైస్తవ యూట్యూబ్‌లో వేరే సందడి నడిచింది: ఇశ్రాయేలు మీదికి శత్రుసేనలు వస్తాయని చెప్పే బైబిలు యెహెజ్కేలు 38వ అధ్యాయం నెరవేరుతోంది, అందులోని పారసీకదేశం అంటే ఇరానే, రాకడ, అంటే యేసు మళ్లీ రావడం, గుమ్మంలో ఉంది.

ఈ భయం, ఈ ఉత్సాహం రెండూ ఒకే మందిరంలో ఒకే చాప మీద కూర్చునేవాళ్లవి. అయినా ఒకదానికొకటి తగలకుండా నడుస్తున్నాయి, చిక్కంతా అక్కడే. కూతురు దోహాలో ఉన్న తల్లికి యుద్ధం ఆగాలి. ప్రవచనం లెక్క కట్టే ప్రసంగీకుడికి, పైకి అనకపోయినా, యుద్ధం పెరిగితేనే లెక్క సరిపోతుంది. ఆదివారం ఆరాధనలో ఇద్దరూ కలిసి ‘ఆమేన్’ అంటున్నారు.

ఆ లెక్క ఏమిటో వినని తెలుగు క్రైస్తవుడు ఉండడు కాబట్టి క్లుప్తంగా చాలు. ఇశ్రాయేలు మళ్లీ దేశం అవుతుంది, ఉత్తరం నుంచి దాని మీదికి గోగు అనే శత్రురాజు వస్తాడు, సంఘం ఎత్తబడుతుంది, అంటే విశ్వాసులు పరలోకానికి వెళ్లిపోతారు, ఏడేళ్ల శ్రమకాలం, క్రీస్తు విరోధి, అతని 666 ముద్ర, ఆ తర్వాత హర్మగిద్దోను అనే చివరి యుద్ధం. వీటికి చూపించే వాక్యాలన్నీ బైబిల్లో ఉన్నవే. కానీ ఎక్కడో యెహెజ్కేలులో ఉన్నది, ఇంకెక్కడో దానియేలులో ఉన్నది, థెస్సలొనీకయుల పత్రికలో ఉన్నది, ప్రకటనలో ఉన్నది తెచ్చి ఒక రైల్వే టైంటేబుల్‌లా వరసగా అమర్చడం మాత్రం బైబిలు చేసిన పని కాదు. అది 1830ల తర్వాత ఐర్లండ్, ఇంగ్లండ్‌లలో రూపు కట్టింది. ఆ పనిలో ముఖ్యుడు జాన్ నెల్సన్ డార్బీ అనే ప్రసంగీకుడు. 1909లో అచ్చయిన స్కోఫీల్డ్ రిఫరెన్స్ బైబిలు వాక్యం కిందే ఆ నోట్సు వేసి దాన్ని ప్రపంచమంతా తిప్పింది. ఏది వాక్యమో ఏది నోటో చదివేవాడికి తెలియకుండా పోవడానికి అంతకంటే మంచి ఏర్పాటు ఉండదు.

టైంటేబుల్ అన్నాక రైలు రావాలి కదా. చాలా ఏళ్లపాటు గోగు అంటే సోవియట్ రష్యా, అందులో అనుమానమే లేదన్నారు. 1991లో సోవియట్ యూనియనే లేకుండా పోయింది. 1990 ఆగస్టు 2న సద్దాం హుస్సేన్ కువైట్‌ని ఆక్రమించినప్పుడు గోగును పక్కనపెట్టి, ఒకప్పుడు ఇరాక్ గడ్డ మీదే ఉన్న బబులోను తీశారు. కంప్యూటర్ బార్‌కోడ్ 666 అయింది, కొందరికి ఆధార్ అయింది, 2021లో కోవిడ్ టీకా అయింది. ఆ మాట నమ్మి సూది వేయించుకోనివాళ్లు ఏమైనా అయితే ఆ బాధ్యత ఎవరిదో ఏ వేదిక మీదా మాట్లాడలేదు. ఒక లెక్క తప్పితే కొత్త లెక్క వస్తుంది, పాతదాని గురించి ఎవరూ అడగరు.

డెల్టాలో ఈ విషయం తవ్వితే ఒక విచిత్రం బయటపడుతుంది. నర్సాపురం, పాలకొల్లు ప్రాంతానికి సువార్త తెచ్చినవాళ్లు డార్బీ కూడా ఉన్న బ్రదరెన్ (సహోదరులు) అనే క్రైస్తవ ఉద్యమంవాళ్లే. విలియం బౌడెన్, జార్జి బీర్, ఇంగ్లండ్‌లో డెవన్ జిల్లాకు చెందిన సాధారణ పనివాళ్లు, 1836లో భార్యలతో ఓడ ఎక్కి వచ్చారు. ముందు మచిలీపట్నం, తర్వాత నర్సాపురం. గోదావరి డెల్టా మిషన్ అనే పేరు వాళ్ల పని మీదనే నిలబడింది. వాళ్లను ఇండియాకి తెచ్చినవాడు ఆంథొనీ నారిస్ గ్రోవ్స్, ఎక్సెటర్‌లో బాగా సంపాదించుకుంటున్న పళ్ల డాక్టరు, అదంతా వదిలేసి మిషనరీ అయినవాడు. సరిగ్గా ఆ 1836లోనే, మార్చి నెలలో, గ్రోవ్స్ తన పాత స్నేహితుడు డార్బీకి ఒక ఉత్తరం రాశాడు. నువ్వు వెలుగు పేరు చెప్పి మనుషులను వేరు చేస్తున్నావు, ఎదుటివాళ్ల తప్పులను ఓర్చుకోవడమే నాకు ఇష్టం, వాళ్ల మంచికి దూరమవడం కాదు అనేది అందులో సారాంశం. ఆ ఉద్యమం 1848లో రెండుగా చీలింది, డార్బీది ఒక దారి, గ్రోవ్స్ బావమరిది జార్జి ముల్లర్ వాళ్లది ఇంకో దారి. నర్సాపురానిది రెండో దారి. అంటే డెల్టా క్రైస్తవం పుట్టుకలోనే డార్బీకి ఒక జవాబు ఉంది. అయినా ఇవాళ మైకుల్లో వినపడేది ఎక్కువగా డార్బీ లెక్కలే. ఆ ఉత్తరం సంగతి తెలిసినవాళ్లు ఎంతమంది ఉన్నారో మరి.

గ్రోవ్స్ రాకడ కోసం ఎదురుచూడని మనిషేం కాదు, గట్టిగా ఎదురుచూశాడు. కానీ అతని జీవితంలో ఒక అధ్యాయం ఇక్కడ చెప్పుకోవాలి. ఇండియాకి ముందు అతను ఉన్నది బాగ్దాదులో. 1831లో ఆ ఊరికి ప్లేగు వచ్చింది, టైగ్రిస్ నది వరద వచ్చింది, ఆ వెంటనే ముట్టడి, కాల్పులు, ఆకలి. భార్య మేరీ ప్లేగుతో చనిపోయింది, పసిబిడ్డ కూడా దక్కలేదు. అంతానికి ముందు వస్తాయని మత్తయి 24లో ఉన్న సూచనలన్నీ ఒకే సంవత్సరంలో ఒకే ఊళ్లో కనబడితే ఎలా ఉంటుందో అలా ఉంది. అంతం మాత్రం రాలేదు. బతికినవాళ్లు మిగిలారు, చేయాల్సిన పని మిగిలింది. 1833లో అతను ఇండియా వచ్చాడు, మూడేళ్లకు బౌడెన్‌నీ బీర్‌నీ తెచ్చాడు. బాగ్దాదులో తేదీలు లెక్క కట్టుకుంటూ కూర్చుని ఉంటే నర్సాపురం కథ వేరేగా ఉండేది.

యేసు స్వయంగా చెప్పింది కూడా ఇటువైపే ఉంది. యుద్ధాల గురించీ యుద్ధ సమాచారాల గురించీ వింటారు అన్న వాక్యాన్ని థంబ్‌నెయిల్ మీద ఎర్రక్షరాల్లో వేస్తారు, దాని వెంటనే ఉన్న ‘అంతము వెంటనే రాదు’ అన్న ముక్క థంబ్‌నెయిల్‌లో పట్టదు. కాలాలనూ సమయాలనూ తెలుసుకోవడం మీ పని కాదని అపొస్తలుల కార్యములు మొదటి అధ్యాయంలో శిష్యుల మొహం మీదే చెప్పేశాడు. లూకా 13లో జరిగింది ఇంకా స్పష్టం. జనం వచ్చి ఆనాటి రాజకీయ దుర్వార్త ఒకటి చెప్పారు, పిలాతు గలిలయులను బలులు అర్పిస్తుండగా చంపించాడని. యేసు దానికి ఒక ప్రమాదాన్ని జోడించాడు: సిలోయములో గోపురం కూలి 18 మంది చనిపోయారు, వాళ్లు మిగతా యెరూషలేమువాళ్లకంటే ఎక్కువ అపరాధులని అనుకుంటున్నారా అని అడిగి, కాదు అని తనే జవాబు చెప్పాడు. ఆ తర్వాత వార్త మోసుకొచ్చినవాళ్ల వైపే తిరిగి, మీరు మారుమనస్సు పొందండి అన్నాడు. చచ్చిపోయినవాడి పాపం ఎంచే పనిని అంతటితో కట్టేశాడు.

గోదావరి జిల్లాల్లో ఈ వాక్యానికి పని చాలా ఉంది. 1996 నవంబరు 6 తుపానులో వెయ్యిమందికి పైగా పోయారు, కోనసీమ కొబ్బరితోటలు నేలమట్టమయ్యాయి. గాలి గుడినీ మందిరాన్నీ వేరుచేసి చూడలేదు. 2015 జూలై 14న రాజమండ్రి పుష్కరాల రేవులో తొక్కిసలాట జరిగి 27 మంది చనిపోయారు. అది దేవుడి తీర్పు అని ఏ క్రైస్తవుడైనా మనసులో అనుకుని ఉంటే అతను సిలోయము వాక్యం చదవనట్టే. అలాగే 2004 డిసెంబరు 26 సునామీ. ఆ రోజు ఆదివారం, క్రిస్మస్ మర్నాడు, తమిళనాడు తీరంలో వేలాంకణ్ణికి వచ్చిన యాత్రికులు కూడా కొట్టుకుపోయారు. అప్పుడు మాత్రం తీర్పు అనే మాట మనవాళ్ల నోట రాదు, రాకూడదు కూడా. మనవాళ్లు పోతే ‘దేవుని చిత్తం’, వేరేవాళ్లు పోతే ‘దేవుని ఉగ్రత’ అనే అలవాటు ఏ మతంవాళ్లకైనా ఒక్కటే, క్రైస్తవులకు ప్రత్యేకం కాదు. కాకపోతే క్రైస్తవుల దగ్గర దాన్ని ఖండించే వాక్యం ఉంది, అందుకే వాళ్లకు సాకు తక్కువ.

మళ్లీ ఇరాన్ సంగతికి వద్దాం, ఎందుకంటే బైబిలు పేరు చెప్పి ఆ దేశానికి జరుగుతున్న అన్యాయం చిన్నది కాదు. పారసీకం అనగానే యెహెజ్కేలు 38 ఒక్కటే తీస్తారు. యూదులను బబులోను చెర నుంచి వదిలి యెరూషలేము ఆలయం కట్టుకోమన్న కోరెషు (సైరస్) పారసీకరాజే. యెషయా 45 అతణ్ని దేవుడు అభిషేకించినవాడు అంటుంది, అన్యరాజుని పట్టుకుని. ఎస్తేరు కథ జరిగింది పారసీక రాజధాని షూషనులో. పెంతెకొస్తు రోజున ఆత్మ దిగినప్పుడు అక్కడున్న జనాల జాబితాలో మొదటి మూడు పేర్లు పార్తీయులు, మాదీయులు, ఏలామీయులు, అందరూ ఇప్పటి ఇరాన్ వైపు వాళ్లే. ఇప్పటికీ ఆ దేశంలో అర్మేనియన్, అష్షూరు క్రైస్తవులు తరతరాలుగా ఉన్నారు, ప్రభుత్వం కళ్లుగప్పి ఇళ్లలో ప్రార్థించే పారసీక విశ్వాసులు ఉన్నారు, పట్టుబడి జైల్లో పడినవాళ్లు ఉన్నారు. టెహ్రాన్ మీద బాంబు పడితే అది వాళ్ల మీద కూడా పడుతుంది. ఇరాన్ పాలకులు చేసినవాటిని వెనకేసుకురావాల్సిన పని లేదు. ఒక దేశం మొత్తాన్ని ఒక్క అధ్యాయంలో పెట్టి మూసేయడం మాత్రం బైబిలును సగమే చదవడం.

పాలస్తీనా విషయంలో ఆ సగం చదువు మరీ బాధగా ఉంటుంది. 2023 అక్టోబరు 7న హమాస్ సుమారు 1200 మందిని చంపింది, పసివాళ్లను, ముసలివాళ్లను కూడా వదల్లేదు. దాన్ని చిన్నది చేసి మాట్లాడేవాడితో మాట్లాడి ప్రయోజనం లేదు. అదే నెల 19న గాజాలో సెయింట్ పొర్ఫిరియస్ అనే ప్రాచీన ఆర్థడాక్స్ చర్చి ప్రాంగణం ఇశ్రాయేలు దాడిలో దెబ్బతింది, అక్కడ తలదాచుకున్న క్రైస్తవులు చనిపోయారు. గాజాలోని ఒకే ఒక్క కథోలిక సంఘానికి పోప్ ఫ్రాన్సిస్ చనిపోయేదాకా దాదాపు ప్రతి రాత్రీ ఫోన్ చేసి ఎలా ఉన్నారని అడిగేవాడు. 2023 క్రిస్మస్‌కి బేత్లెహేములోని లూథరన్ చర్చిలో బాలయేసు బొమ్మను పశువుల తొట్టిలో కాక శిథిలాల రాళ్ల మధ్య పడుకోబెట్టారు. ఆ లూథరన్ సంఘం, 1927లో ఏర్పడ్డ మన ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘం, రెండూ ఒకే లూథరన్ ప్రపంచ సమాఖ్యలో సభ్యులు. రాజమండ్రి లూథరన్‌కి బేత్లెహేము లూథరన్ వరసకు అన్నదమ్ముడు. అయినా డెల్టాలో చాలామంది విశ్వాసులు పాలస్తీనావాడు అంటే ముస్లిం అనే అనుకుంటారు, అక్కడ రెండు వేల ఏళ్లుగా మనవాళ్లున్నారన్న సంగతి ఎవరూ చెప్పలేదు. యెరూషలేము యాత్రకి రాష్ట్ర ప్రభుత్వం సబ్సిడీ కూడా ఇచ్చింది. వెళ్లొచ్చినవాళ్లు తెచ్చే ఒలీవచెక్క సిలువలు చాలావరకు బేత్లెహేము పాలస్తీనా క్రైస్తవ కుటుంబాల చేతిపనే. కొన్న చేతికి చెక్కిన చేయి తెలియదు.

ఇక గల్ఫ్. ఇక్కడ డెల్టా క్రైస్తవుల అనుభవం, పండితులు రాసే మత సంభాషణలకంటే చాలా ముందుంది. కువైట్, ఖతార్‌లలో వారాంతపు సెలవు శుక్రవారం, కాబట్టి అక్కడ క్రైస్తవ ఆరాధన ప్రధానంగా శుక్రవారమే. కువైట్ నగరంలో నేషనల్ ఇవాంజెలికల్ చర్చి కాంపౌండ్ ఒక్కచోటే అనేక దేశాల, అనేక భాషల సంఘాలు గంటలు పంచుకుని కూడుకుంటాయి. తెలుగు కూడికలు సరేసరి. దోహాలో ఎమీర్ ఇచ్చిన స్థలంలో కట్టిన చర్చి 2008లో తెరిచారు. ఒమన్‌లో సుల్తాన్ కాబూస్ చర్చిలకి స్థలాలిచ్చాడు. పక్కన మసీదులో జుమ్మా, ఇటు మందిరంలో ఆంధ్ర క్రైస్తవ కీర్తన. దీన్ని చూసి అంతా బాగుందని చెప్పేయడం కూడా మోసమే. పాస్‌పోర్టు లాక్కున్న యజమానులు, జీతం ఎగ్గొట్టినవాళ్లు, కొట్టినవాళ్లు ఉన్నారు, ఏజెంటు చేతిలో మోసపోయి చిక్కుకున్న ఆడవాళ్లు డెల్టాలో తెలియని సంగతి కాదు. అదే గల్ఫ్‌లో రంజాన్ ఉపవాసం విడిచే వేళ పనిమనిషికీ పళ్లెం పెట్టిన అరబ్బు ముసలమ్మలూ ఉన్నారు. ఈ రెండూ చూసి వచ్చిన మనిషికి ఇస్లాం గురించి యూట్యూబ్ ప్రసంగీకుడు కొత్తగా చెప్పేది తక్కువ. కానీ సంఘంలో ఆమెను సాక్ష్యం చెప్పమంటారు తప్ప అభిప్రాయం అడగరు. సాక్ష్యంలో దేవుడు కాపాడిన సంగతి చెప్పాలి, ఎవరి ఇంట్లో ఉండగా కాపాడాడో ఆ ఇంటి గురించి ఎవరికీ అక్కర్లేదు.

ఇంటి దగ్గర పొరుగు మతం సంగతి ఇంకా చిక్కు, ఎందుకంటే ఇక్కడ ఆ గీత ఒక్కోసారి ఇంటి మధ్యలోంచే పోతుంది. 2011 జనగణన ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవులు 1.34 శాతం. డెల్టా పల్లెల్లో ఆదివారం ఉదయం మైకుల్లో వచ్చే పాటలు వింటే ఆ అంకె నవ్వు తెప్పిస్తుంది. కారణం అందరికీ తెలుసు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డ్ కులాల హోదాని హిందువులకే పరిమితం చేసింది, 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను కలిపారు, క్రైస్తవులను కలపలేదు. 2025 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కూడా అదే మాట మళ్లీ చెప్పింది. కాబట్టి కాగితం మీద ఒక మతం, ఆదివారం ఇంకో మతం, పెళ్లి సంబంధాల్లో రెండూ. దీన్ని కపటం అనేయడం ఉద్యోగమూ స్కాలర్‌షిప్పూ పోయే భయం లేనివాళ్లకి సులువు. పైగా కులం బాధ బాప్తిస్మంతో పోలేదు, సమాధుల దొడ్డి దగ్గర కూడా పోలేదు.

ఇలాంటిచోట ఒక్క పుకారు చాలు. 2020 సెప్టెంబరులో అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి రథం కాలిపోయింది. ఎవరు చేశారో తేలకముందే అక్కడి చర్చి మీద రాళ్లు పడ్డాయి. 2021 జనవరిలో కాకినాడ పాస్టర్ ఒకరు విగ్రహాలను తన్నానని చెప్పుకున్న పాత వీడియో బయటకొచ్చి సీఐడీ అరెస్టు చేసింది. అది ఎవరో అంటగట్టింది కాదు, సొంత నోటితో అన్న మాట. 2025 మార్చిలో రాజమండ్రి దగ్గర కొంతమూరులో ఒక ప్రసంగీకుడు మరణించినప్పుడు పోస్టుమార్టం రిపోర్టు రాకముందే ఫోన్లలో తీర్పులు తిరిగేశాయి, పోలీసులు చివరికి రోడ్డు ప్రమాదమనే తేల్చారు. మధ్యప్రాచ్యం వార్తలో ఆధారం అడక్కుండా ముగింపు చెప్పడం నేర్చుకున్న మెదడు, పక్క ఊరి వార్తలోనూ అదే పని చేస్తుంది. గోగు ఎవరో ఇట్టే తేల్చగలిగినవాడికి రథం ఎవరు తగలబెట్టారో తేల్చడం ఎంతసేపు. రెండువైపులా ఇదే జబ్బు.

వేరే రకంగా బతికిన గుర్తులు డెల్టాలో లేకపోలేదు. ద్రాక్షారామంలో భీమేశ్వరాలయం, దర్గా ఒకే ఊళ్లో ఉన్నాయి, పక్కనే ఉన్న రామచంద్రపురంలో కెనడియన్ బాప్టిస్టులు కుష్ఠురోగులకు ఆశ్రమం పెట్టారు. తెలుగు క్రైస్తవ కవి పురుషోత్తమ చౌదరి కీర్తనలకు పైన రాగం, తాళం వేసి అచ్చు వేస్తారు, ఆ సంగీతం ఎవరిదని ఏ సంఘమూ తగాదా పడలేదు. రాజమండ్రి దగ్గర జేగురుపాడులో పుట్టిన ముంగమూరి దేవదాసు అయ్యగారు 1938లో బైబిలు మిషను ప్రారంభించారు. ఆయన నేర్పిన ప్రార్థనలో దేవుడు నాకు కనబడాలి అన్నాక ఆగరు, అందరికీ కనబడాలి, అందరితో మాట్లాడాలి అంటారు. ఆర్థర్ కాటన్ పక్కా భక్తిపరుడైన క్రైస్తవుడు, కరువు చూసి ఆనకట్ట కావాలని పట్టుబట్టి 1847 నుంచి 1852 మధ్య ధవళేశ్వరంలో కట్టించాడు. బౌడెన్, బీర్ అక్కడి కూలీల మధ్య సువార్త చెప్పారు. ఈస్టిండియా కంపెనీవాళ్లకి శిస్తు పెరగడం కావాలి, అది వేరే లెక్క. గోదావరి స్నాన సంకల్పంలో కాటన్‌ని భగీరథుడిగా తలుచుకునే శ్లోకం ఒకటి పురోహితుల నోట వచ్చి చేరింది. క్రైస్తవులెవరూ దాన్ని అడిగి రాయించలేదు.

ఇంత చెప్పాక వచ్చే ప్రశ్న ఒకటే: అయితే రాకడ నమ్మొద్దా? నమ్మొద్దని ఎవరన్నారు. అసలు ఆ ప్రసంగం డెల్టాలో ఎందుకు అంతగా పట్టిందో ఆలోచిస్తే దాన్ని వెక్కిరించబుద్ధి కాదు. సెంటు భూమి లేక, పేపర్లో తన ఊరి పేరు కూడా రాని మనిషికి, ప్రపంచ చరిత్ర చివరి పేజీ నీ చేతిలో ఉన్న పుస్తకంలోనే ఉంది, ప్రెసిడెంట్లకి తెలియనిది నీకు తెలుసు అని చెప్పినవాడు ఆ ప్రసంగీకుడు ఒక్కడే. న్యాయం జరిగే రోజు ఒకటుందన్న నమ్మకం లేకపోతే ఎన్నో బతుకులు నిలబడేవి కావు. ఆ నమ్మకాన్ని తీసుకెళ్లి క్షిపణుల లెక్కకి తాకట్టు పెట్టడమే తప్పు. పౌలు కాలంలోనే థెస్సలొనీకలో కొందరు ప్రభువు దినం వచ్చేసిందని కలవరపడ్డారు, కొందరు పని మానేసి పరుల జోలికి పోయారు. రెండో పత్రికలో అతను రెండు సంగతులూ తీశాడు. రెండో అధ్యాయంలో ఆ దినానికి ముందు బయటపడే పాపపురుషుడి గురించి రాశాడు, మూడో అధ్యాయంలో ఒళ్లు వంచి పనిచేసి సొంత అన్నం తినమని, మేలు చేయడంలో విసుగు పడొద్దని రాశాడు. మన యూట్యూబ్‌లో రెండో అధ్యాయం మీద వీడియోలకు కొదవలేదు, మూడో అధ్యాయం మీద మాత్రం వెతుక్కోవాలి.